ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు

ఆల్కహాలిక్స్ అనానిమస్ (సంక్షిప్తంగా ఎ.ఎ.) అనేది తాగుడు మానుకోవాలని కోరుకొనేవారు ఒకరికొకరు సహాయం చేసుకొనటానికి ఏర్పరచుకొన్న సంఘం. ఇది 1935లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఒహాయో రాష్ట్రంలో, ఏక్రన్ నగరంలో ఆరంభమైనది. ప్రస్తుతం సుమారు 180 దేశాలలో లక్షకు పైగా బృందాలు ఉన్నాయని సంఘం అంచనా. ఈ సంఘానికి సొంత ఆసుపత్రులు లేవు, జీతం తీసుకొని చికిత్స చేసే వైద్యులు లేరు, రుసుము లేదు, సభ్యుల పట్టిక కూడా లేదు. సంఘం చేసే పని ముఖ్యంగా సమావేశం జరపటమే. వారంలో ఒక నిర్ణీత దినమున, నిర్ణీత సమయానికి, కొద్దిమంది ఒక గదిలో కూర్చొని తాము ఎలా తాగేవారో, ఎలా మానారో చెప్పుకొంటారు.

సభ్యుల పేర్లు బయటపెట్టరాదన్న నియమం ఈ సంఘం పేరులోనే ఇమిడి ఉన్నది. ఈ నియమం సభ్యులకు రక్షణ కలిగిస్తుంది. అయితే దీని వలన కొత్తవారికి దారి దొరకటం కష్టమౌతుంది. సమావేశం జరిగే గది ముందు పెద్ద బోర్డు ఉండదు. గోడలపై ప్రకటనలు ఉండవు. తాగుడు మానిన వ్యక్తి ఫొటోతో పత్రికలలో ప్రచారం ఉండదు. అందువలన సమావేశం దగ్గరలోనే ఉన్నప్పటికీ దాని అవసరం ఉన్నవారికి ఆ సంగతి తెలియకపోవచ్చును. సమావేశాలు ఎలా పుట్టాయి, అక్కడ ఏమి జరుగుతుంది, తెలుగు రాష్ట్రాలలో వాటిని ఎలా వెదకాలి అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

చరిత్ర

సంఘ స్థాపకులలో ఒకరైన విలియం గ్రిఫిత్ విల్సన్ (1895 - 1971) న్యూయార్కులో షేర్ల వ్యాపారానికి సంబంధించిన వ్యక్తి. సంఘంలో బిల్ అనే పేరుతో ప్రసిద్ధుడు. తాగుడు వలన వృత్తి పాడై, న్యూయార్కులోని టౌన్స్ ఆసుపత్రిలో పలుమార్లు చేరాడు. 1934 డిసెంబరులో చివరిసారి చేరిన తరువాత మళ్ళీ తాగలేదు. ఎబీ థాచర్ అనే పాత మిత్రుడు అప్పటికే ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ ఉద్యమంలో చేరి తాగుడు మాని ఉన్నాడు. ఆయన వచ్చి తన అనుభవాన్ని చెప్పటం విల్సన్ మార్పునకు ఒక కారణం. ఆ తరువాత కొన్ని నెలలపాటు విల్సన్ ఎందరో తాగుబోతులను మార్చటానికి ప్రయత్నించాడు. వారిలో ఒక్కరు కూడా నిలకడగా మానలేదు. కానీ ఆ ప్రయత్నం చేస్తున్నంతకాలం తాను మాత్రం తాగకుండా ఉండగలిగాడు.

1935 మే నెలలో ఒక కంపెనీ యాజమాన్యం గురించిన పోటీలో విల్సన్ ఏక్రన్ నగరానికి వెళ్ళాడు. ఆ పని విఫలమైనది. మే 11, శనివారం నాడు ఆయన మేఫ్లవర్ హోటలు ఆవరణలో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చేతిలో డబ్బు అంతంతమాత్రం. ఒక ప్రక్క హోటలు బారు నుండి సందడి వినబడుతున్నది. మరొక ప్రక్క ఊరిలోని చర్చీల వివరాలున్న పట్టిక ఉన్నది. తాను తాగకుండా ఉండాలంటే ఇంకొక తాగుబోతుతో మాట్లాడాలని ఆయనకు తోచింది. పట్టికలోని ఒక పేరు చూసి వాల్టర్ టంక్స్ అనే ఫాదరీకి ఫోను చేశాడు. టంక్స్ కొన్ని పేర్లు చెప్పాడు. ఆ పేర్ల వెంట ఒక్కొక్క ఫోనూ చేసుకొంటూ పోగా చివరకు హెన్రియెటా సీబర్లింగ్ అనే మహిళ పలికింది. తనకు తెలిసిన ఒక శస్త్రవైద్యుడు ఇదే బాధతో ఉన్నాడని ఆమె చెప్పింది.

ఆ వైద్యుడు రాబర్ట్ హోల్బ్రూక్ స్మిత్ (1879 - 1950). ఇతనిని డాక్టర్ బాబ్ అంటారు. మరునాడు, అనగా మే 12న, స్టాన్ హైవెట్ అనే పెద్ద భవనం ఆవరణలోని గేటు ఇంటిలో ఇద్దరూ కలుసుకొన్నారు. పదిహేను నిమిషాలకు మించి కూర్చోనని ముందే చెప్పి వచ్చిన స్మిత్ రాత్రి పొద్దుపోయేవరకు, సుమారు ఆరు గంటలు, మాట్లాడుతూ ఉండిపోయాడు. తాగుడు మానమని స్మిత్‌కు అంతకు ముందు చెప్పినవారు చాలామంది ఉన్నారు. తన సొంత తాగుడు గురించి చెప్పినవాడు మాత్రం విల్సనే. స్మిత్ ఆ తరువాత ఒక వైద్య మహాసభకు వెళ్ళి మరల తాగాడు. తిరిగి వచ్చాక చివరిసారిగా తాగినది 1935 జూన్ 10న. ఆ తేదీనే సంఘ స్థాపన దినంగా పరిగణిస్తారు.

ఈ కథను ఇంత వివరంగా చెప్పటానికి కారణమున్నది. నేటికీ సమావేశాల పద్ధతి అదే. పరాయి ఊరిలో ఒక మనిషి తనవంటి మరొక మనిషి కోసం ఫోను చేయటంతో సంఘం మొదలైనది. ఇప్పుడు సమావేశాన్ని వెదికేవారు చేసే పని కూడా దాదాపు అదే.

1939 ఏప్రిల్‌లో 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అనే గ్రంథం వెలువడింది. సంఘానికి ఆ గ్రంథం పేరే స్థిరపడింది. దళసరి కాగితంపై అచ్చు వేయటం వలన దానిని సభ్యులు బిగ్ బుక్ అని పిలవసాగారు. 1941 మార్చి 1న శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో జాక్ అలెగ్జాండర్ వ్రాసిన వ్యాసం వలన సంఘం దేశమంతా తెలిసింది. సుమారు 2,000గా ఉన్న సభ్యుల సంఖ్య ఆ సంవత్సరాంతానికి 8,000కు చేరింది. సంఘ నిర్వహణకు సంబంధించిన పన్నెండు సంప్రదాయాలను 1950లో క్లీవ్‌లాండ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు ఆమోదించింది. బయటివారి నుండి విరాళాలు స్వీకరించరాదు, రాజకీయ, మత వివాదాలలో తల దూర్చరాదు, పత్రికలలో సభ్యులు తమ పేరు వెల్లడి చేయరాదు అనేవి వాటిలో కొన్ని. తాగుడు మానాలన్న కోరిక తప్ప సభ్యత్వానికి వేరే అర్హత అక్కరలేదన్నది మూడవ సంప్రదాయం.

భారతదేశంలో, తెలుగు నాట

భారతదేశంలో ఎ.ఎ. 1957లో ఢిల్లీలో మొదలైనది. తరువాత ముంబయి, చెన్నై తదితర నగరాలకు విస్తరించింది. జాతీయ స్థాయిలో పనులు చూసే జనరల్ సర్వీస్ ఆఫీసు ముంబయిలో ఉన్నది. ఈ కార్యాలయం సాహిత్యాన్ని ప్రచురించి, సమావేశాల వివరాలను అందజేస్తుంది. బృందాలపై దానికి అధికారం ఏమీ లేదు. ప్రతి బృందమూ స్వతంత్రమే.

తెలుగు నాట మద్యం అనగానే మొదట గుర్తుకు వచ్చేది సారా వ్యతిరేక ఉద్యమం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలైన గ్రామీణ మహిళలు సారా దుకాణాన్ని మూయించటంతో ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993లో సారా నిషేధించబడింది. 1995 జనవరిలో నందమూరి తారక రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం విధించగా, 1997లో దానిని సడలించారు. ఎ.ఎ. మాత్రం మద్యనిషేధాన్ని సమర్థించదు, వ్యతిరేకించదు. సంప్రదాయాల ప్రకారం దానికి ఇటువంటి విషయాలలో అభిప్రాయమే ఉండరాదు. దుకాణం ఉన్నా లేకపోయినా ఒక మనిషి తాగకుండా ఉండటమెలా అన్నదే దాని ప్రశ్న. తెలుగు పాఠకులకు ఈ తేడా కొంత వింతగా తోచవచ్చును.

అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) ద్వారా సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ జరిపించిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం సేవిస్తున్నారు. మద్యం వలన సమస్యలు ఎదుర్కొంటున్నవారు సుమారు 5.7 కోట్లు. మద్యానికి బానిసలైనవారిలో ప్రతి 38 మందిలో ఒకరికి మాత్రమే ఏదో ఒక చికిత్స లేక సహాయం అందింది. మిగిలిన 37 మందికి అందకపోవటానికి కారణాలు అనేకం. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోవటం వాటిలో ఒకటి.

సమావేశం జరిగే విధానం

సమావేశం సాధారణంగా ఒక గంట నుండి గంటన్నర వరకు జరుగుతుంది. బృందంలోని ఒక సభ్యుడు అధ్యక్షత వహిస్తాడు. ఇది వంతుల వారీగా మారే పని, పదవి కాదు. మొదట కొద్దిసేపు మౌనం పాటించి సంఘ లక్ష్యాన్ని చదివి వినిపిస్తారు. తరువాత ఒక్కొక్కరు తమ మొదటి పేరు చెప్పి, తాము ఆల్కహాలిక్ అని పరిచయం చేసుకొని, తమ అనుభవం వివరిస్తారు. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డు తగలరు, ప్రశ్నించరు, సలహా ఇవ్వరు. "నీవు ఇలా చేయవలసింది" అన్న మాట అక్కడ సాధారణంగా వినబడదు. ఇంటిలోను, ఆఫీసులోను రోజూ హితబోధ వినే మనిషికి ఇదే మొదటి ఆశ్చర్యం.

కొత్తగా వచ్చినవారు మాట్లాడి తీరాలన్న నియమం లేదు. ఊరక విని వెళ్ళిపోవచ్చును. చివరలో ఒక సంచి లేదా పెట్టె త్రిప్పుతారు. సభ్యులు తమకు తోచినంత వేస్తారు. ఆ డబ్బు గది అద్దెకు, టీకి, పుస్తకాలకు వాడతారు. కొత్తవారు ఏమీ వేయనక్కరలేదు.

సమావేశాలు రెండు రకాలు. క్లోజ్డ్ మీటింగుకు తాగుడు సమస్య ఉండి, మానదలచినవారు మాత్రమే రావాలి. ఓపెన్ మీటింగుకు కుటుంబ సభ్యులు, వైద్యులు, విద్యార్థులు, ఎవరైనా రావచ్చును. భర్తను లేక కొడుకును వెంటబెట్టుకొని వెళ్ళేవారు ముందుగా ఈ సంగతి కనుక్కోవటం అవసరం. లేకపోతే గుమ్మం దాకా వెళ్ళి బయట కూర్చోవలసి వస్తుంది.

ఒక్క సమావేశంతో ఫలితం ఆశించరాదని పాత సభ్యులు చెబుతారు. మొదటి మూడు నెలలలో వీలైనన్ని సమావేశాలకు, కుదిరితే 90 రోజులలో 90 సమావేశాలకు, వెళ్ళమంటారు. చాలాకాలంగా తాగకుండా ఉన్న ఒక సభ్యుడిని మార్గదర్శిగా ఎంచుకొనటం ఆచారం. ఇతనిని స్పాన్సర్ అంటారు. అర్ధరాత్రి తాగాలనిపించినప్పుడు ఫోను చేయటానికి ఒక మనిషి ఉండటమే ఈ ఏర్పాటులోని ప్రయోజనం. జీవితాంతం మానుతానని ప్రమాణం చేయించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉండటం గురించే ఆలోచించమంటారు. మధ్యలో తాగినవారు తిరిగి వస్తే వెళ్ళగొట్టరు. డాక్టర్ బాబ్ కూడా ఒకసారి అలా తాగి వచ్చినవాడే గదా.

సభ్యులు అనుసరించే పన్నెండు మెట్లలో మొదటిది మద్యం ముందు తమ శక్తి చాలదని ఒప్పుకొనటం. మిగిలిన వాటిలో ఆత్మపరిశీలన, తమ వలన నష్టపోయినవారికి పరిహారం చేయటం, ఇతర తాగుబోతులకు సహాయపడటం మొదలైనవి ఉన్నాయి. కొన్ని మెట్లలో దేవుని ప్రస్తావన ఉన్నది. ఎవరికి తోచిన రూపంలో వారు ఆ శక్తిని భావించుకోవచ్చునని సంఘం వారి వివరణ. నాస్తికులైన కొందరు సభ్యులు తమ బృందాన్నే ఆ శక్తిగా భావించుకొంటారు.

సమావేశాన్ని కనుగొనటం

అన్నింటికంటే నమ్మదగిన మార్గం భారతీయ ఎ.ఎ. జాతీయ వెబ్‌సైటు లేక దాని ఫోను. అందులో రాష్ట్రం, నగరం వారీగా సమావేశాల వివరాలు, ఫోను నంబర్లు ఇస్తారు. సంఘం వారు తయారుచేసిన మీటింగ్ గైడ్ అనే మొబైల్ యాప్ కూడా ఉన్నది. పెద్ద నగరాలలోని బృందాలు కలిసి ఇంటర్‌గ్రూప్ అనే ఉమ్మడి ఏర్పాటు చేసుకొని ఒక ఫోనును నడుపుతాయి. దానికి జవాబు చెప్పేది జీతగాడు కాదు, సాధారణంగా ఒకప్పుడు తాగి మానిన సభ్యుడే. అందుచేత ఫోను చేసేవారు మొహమాటపడనక్కరలేదు. ఒకసారి ఎత్తకపోతే నిరాశపడక మళ్ళీ చేయాలి.

పట్టికలో ఉన్న సమయాన్ని చూసి నేరుగా బయలుదేరటం కంటే ముందు ఫోనులో కొన్ని విషయాలు కనుక్కొనటం మంచిది. సమావేశం ఇప్పటికీ అదే రోజున జరుగుతున్నదా, ఓపెన్ మీటింగా కాదా, మాట్లాడే భాష తెలుగా, హిందీయా, ఇంగ్లీషా అన్నవి ముఖ్యం. ఏ గేటు నుండి లోపలికి రావాలి, గది ఎన్నవ అంతస్తు అన్నవి చిన్న విషయాలుగా తోచినా అవే ఎక్కువమందిని ఆపుతాయి. పాఠశాల ఆవరణ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎవరినీ అడగలేక, దారిలోని వైన్ షాపుకు మళ్ళే ప్రమాదం ఉన్నది. ఎవరైనా వచ్చి బస్టాండు దగ్గర కలుసుకొని వెంటబెట్టుకు వెళ్ళగలరా అని అడగవచ్చును. కొత్తవారిని ఇలా తీసుకువెళ్ళటం సభ్యులు తమ పన్నెండవ మెట్టులో భాగంగా భావిస్తారు.

చాలా సమావేశాలు చర్చి గదులలోను, పాఠశాలలలోను, ఆసుపత్రులలోను జరుగుతాయి. చర్చి ఆవరణ చూసి ఇది మతప్రచారమని అనుమానించేవారు తెలుగు నాట తక్కువేమీ కాదు. నిజానికి బృందం ఆ గదిని అద్దెకు తీసుకొంటుంది. ఆ చర్చికి, బృందానికి సంబంధం అంతవరకే. సాయంత్రం పూట ఖాళీగా ఉండి, తక్కువ అద్దెకు దొరికే గదులు ఊరిలో అవే కావటం అసలు కారణం.

రెండవ మార్గం ఆసుపత్రులు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, ప్రభుత్వ బోధనాసుపత్రులలోని మానసిక వైద్య విభాగాలు మద్య వ్యసనానికి చికిత్స చేస్తాయి. అక్కడి వైద్యులను, సోషల్ వర్కర్లను అడిగితే దగ్గరలోని సమావేశం గురించి తెలిసే అవకాశం ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం వారి వ్యసన విముక్తి సహాయ ఫోను 14446. మానసిక ఆరోగ్య సలహాల కోసం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఫోను 14416. ఈ రెండూ ఉచితం. ఇవి ఎ.ఎ.కు చెందినవి కావు. అయినా చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలుసుకొనటానికి ఉపయోగపడతాయి.

చిన్న ఊళ్ళలోను, గ్రామాలలోను సమావేశం ఉండకపోవటమే మామూలు. అటువంటప్పుడు వారానికి ఒకసారి దగ్గరి పట్టణానికి బస్సులో వెళ్ళి రావటం ఒక దారి. ఊరిలో అందరికీ తెలిసిపోతుందన్న భయం ఉన్నవారు కావాలనే పొరుగూరి సమావేశాన్ని ఎంచుకొంటారు. ఇందులో తప్పేమీ లేదు. 2020లో కోవిడ్ కారణంగా గదులు మూతబడినప్పుడు సమావేశాలు ఫోనులోకి, కంప్యూటరులోకి మారాయి. తరువాత గదులు తెరచినా ఆన్‌లైను సమావేశాలు కొనసాగుతున్నాయి. ముఖం చూపించకుండా, మాట్లాడకుండా వినే వీలుండటం వలన మొదటి అడుగు వేయటానికి ఇవి అనుకూలం. పక్కన కూర్చొని టీ తాగే మనిషి మాత్రం అక్కడ దొరకడు. మరొక దారి కూడా ఉన్నది. సంప్రదాయాల ప్రకారం తాగుడు మానదలచిన ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే దానినే బృందం అనవచ్చును. ముంబయి కార్యాలయానికి తెలియజేస్తే వారు సాహిత్యం, సూచనలు పంపుతారు.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలోని తెలుగువారు స్థానిక సమావేశాలకే వెళ్ళవచ్చును. అక్కడ దాదాపు ప్రతి పట్టణంలోను సమావేశం ఉంటుంది. ఉద్యోగానికి, వీసాకు ముప్పు వస్తుందేమోనని జంకేవారు తెలుసుకోవలసినది ఏమంటే, సంఘం హాజరుపట్టీ ఉంచదు, ఎవరికీ సమాచారం పంపదు.

పేరును చూసి మోసపోకుండా ఉండటం

డీ అడిక్షన్ సెంటర్ అన్న పేరుతో నడిచే ప్రైవేటు కేంద్రాలు వేరు, ఎ.ఎ. వేరు. కొన్ని కేంద్రాలు పన్నెండు మెట్ల పద్ధతిని వాడుకొంటాయి. కొన్నింటిలో ఎ.ఎ. సభ్యులు వచ్చి సమావేశం జరిపి వెళతారు. అంతమాత్రాన ఆ కేంద్రం సంఘానికి చెందినది కాదు. ఎ.ఎ. పేరు చెప్పి సభ్యత్వ రుసుము అడిగితే అది ఎ.ఎ. కాదని నిశ్చయించుకోవచ్చును. రోగిని ఉంచుకొని మానసిక చికిత్స చేసే సంస్థలు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్రింద నమోదై ఉండాలి. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగానికి సంబంధించిన మానసిక స్థితులు ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. చేర్చే ముందు నమోదు పత్రం చూపమని అడిగే హక్కు కుటుంబానికి ఉన్నదనటంలో సందేహం లేదు.

వారికి తెలియకుండానే మద్యం మాన్పిస్తామనే ప్రకటనలు మరింత ప్రమాదకరం. ఇటువంటి పొడులలో డైసల్ఫిరాం అనే మందు ఉండవచ్చును. ఇది శరీరంలో మద్యం విచ్ఛిన్నం కావటాన్ని మధ్యలో అడ్డుకొంటుంది. దీనిని తీసుకొన్నవారు మద్యం తాగితే వాంతులు, గుండెదడ, రక్తపోటు పడిపోవటం సంభవిస్తాయి. ప్రాణాపాయం కూడా కలుగవచ్చును. వైద్యుడు రోగికి చెప్పి, ఒప్పించి ఇవ్వవలసిన మందు ఇది. కూరలో కలిపి పెట్టరాదు.

వైద్యపరమైన జాగ్రత్త

సమావేశం చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. చాలాకాలం ప్రతిదినం ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానటం ప్రమాదకరం. చివరిసారి తాగిన కొన్ని గంటలకు చేతులు వణకటం, చెమటలు, నిద్రలేమి, ఆందోళన మొదలౌతాయి. మొదటి రెండు రోజులలో ఫిట్స్ రావచ్చును. రెండు నుండి నాలుగు రోజులలో కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. లేని మనుషులు, పురుగులు కనబడటం, తాను ఎక్కడున్నదీ తెలియకపోవటం, జ్వరం, తీవ్రమైన వణుకు దీని లక్షణాలు. సకాలంలో చికిత్స లేకపోతే మరణం సంభవించవచ్చును. దెయ్యం పట్టిందని భావించి ఆలస్యం చేయరాదు. ఆసుపత్రిలో కొద్దిరోజులు బెంజోడయజెపీన్ రకపు మందులు, థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి ఈ దశను దాటిస్తారు.

2020 మార్చి నెలాఖరులో లాక్‌డౌన్ కారణంగా దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇటువంటి లక్షణాలతో వందలాదిమంది రావటం పత్రికలలో వచ్చింది. వారిలో కల్తీ కల్లు తాగేవారు కూడా ఉన్నారు. కల్లులో మత్తుమందులు కలపటం తెలంగాణ ప్రాంతంలో పాత సమస్య. అటువంటి కల్లుకు అలవాటుపడినవారు మానినప్పుడు ఆ మత్తుమందు లేని బాధ కూడా తోడౌతుంది. కనుక వైద్యునికి కల్లు సంగతి దాచకుండా చెప్పాలి.

సంఘంలోని కొందరు మందులన్నీ మానమని సలహా ఇస్తుంటారు. ఇది సంఘం విధానం కాదు. సభ్యులు వైద్యుని పాత్ర వహించరాదని ఎ.ఎ. తన ప్రచురణలలో స్పష్టం చేసింది. మానసిక కుంగుబాటుకో, మూర్ఛకో మందు వాడుతున్నవారు సమావేశంలో విన్న మాటతో దానిని ఆపరాదు.

కుటుంబ సభ్యులు, స్త్రీలు

తాగే మనిషి రానని మొండికేసినప్పుడు ఇంటివారు చేయగలిగినది ఏమీ లేదని అనుకొంటారు. వారి కోసమే అల్-అనాన్ అనే వేరొక సంఘం ఉన్నది. విల్సన్ భార్య లోయిస్ మరికొందరితో కలిసి 1951లో దీనిని స్థాపించింది. తాగేవారి పిల్లల కోసం 1957లో అలటీన్ వచ్చింది. ఈ సమావేశాలకు వెళ్ళటానికి తాగే మనిషి అనుమతి అక్కరలేదు, అతను మానవలసిన పనీ లేదు. భర్త తాగుడుకు తానే కారణమన్న నిందను ఏళ్ళ తరబడి మోసిన స్త్రీకి, ఆ తాగుడును తాను పుట్టించలేదని, అదుపు చేయటం కూడా తన చేతిలో లేదని అక్కడ మొదటిసారి తెలియవచ్చును. ఎ.ఎ. ఫోను నుండే అల్-అనాన్ వివరాలు కూడా తెలుసుకోవచ్చును.

తాగుడు సమస్య ఉన్న స్త్రీల పరిస్థితి మరింత కఠినం. మన సమాజంలో వారు ఆ మాట డాక్టరుకు చెప్పటానికే వెనుకాడతారు. ఎ.ఎ.లో మొదటి నుండి స్త్రీలు ఉన్నారు. 1939లో చేరిన మార్టీ మాన్ తరువాతి కాలంలో అమెరికాలో తాగుడును వ్యాధిగా గుర్తింపజేయటానికి విశేషంగా కృషి చేసింది. పురుషులే నిండిన గదికి వెళ్ళటానికి ఇష్టపడని స్త్రీలు, స్త్రీలకు మాత్రమే జరిగే సమావేశం ఉన్నదా అని ఫోనులో అడగాలి. ఊరిలో లేకపోయినా ఆన్‌లైనులో దొరకవచ్చును.

ఫలితాలు, విమర్శలు

సభ్యుల పట్టికే లేని సంఘం ఎంతవరకు ఫలించిందో కొలవటం తేలిక కాదు. 2006లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష, ఎ.ఎ. ఇతర పద్ధతుల కంటే మెరుగని నిర్ద్వంద్వంగా చెప్పగల ఆధారాలు లేవని పేర్కొన్నది. 2020లో అదే సంస్థ ప్రచురించిన కొత్త సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను పరిశీలించింది. రోగులను ఒక క్రమపద్ధతిలో ఎ.ఎ.కు పంపే చికిత్స, పూర్తిగా తాగకుండా ఉండటం విషయంలో ఇతర మానసిక చికిత్సల కంటే మెరుగైన ఫలితాలు ఇచ్చినదని తేల్చింది. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. వైద్యుడు చీటీ మీద చిరునామా వ్రాసి ఇవ్వటం, దగ్గరుండి ఒక సభ్యునితో ఫోనులో మాట్లాడించి సమావేశానికి పంపటం ఒకటి కావు. అధ్యయనాలలో పరీక్షించినది ఎక్కువగా రెండవ పద్ధతినే.

మొదటి ఒకటి రెండు సమావేశాల తరువాత మానేసేవారు చాలామంది. దేవుని ప్రస్తావన కొందరికి నచ్చదు. శక్తి చాలదని ఒప్పుకొనటం స్త్రీలకు, అణగారినవారికి మేలు చేయదన్న విమర్శ కూడా ఉన్నది. ఈ అభిప్రాయంతోనే జీన్ కిర్క్‌పాట్రిక్ అమెరికాలో 1970 దశకంలో విమెన్ ఫర్ సోబ్రైటీ అనే సంఘాన్ని ఆరంభించింది. దైవప్రస్తావన లేకుండా, ప్రవర్తనా శాస్త్ర పద్ధతులపై ఆధారపడిన స్మార్ట్ రికవరీ 1994లో ఏర్పడింది. దీని సమావేశాలు ఆన్‌లైనులో ఎక్కడివారైనా వినవచ్చును, అయితే అవి ఎక్కువగా ఇంగ్లీషులో జరుగుతాయి. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు తాగాలన్న కోరికను తగ్గించటానికి ఉపకరిస్తాయి. వీటిని వైద్యుని పర్యవేక్షణలో వాడుతూనే సమావేశాలకు వెళ్ళవచ్చును. ఒక బృందం వాతావరణం నచ్చకపోతే మరొక బృందానికి మారటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒకే నగరంలో రెండు బృందాల తీరు ఒకే విధంగా ఉండదు.